యంత్రానికున్న రక్షణ మనిషికి లేదా?

తపతీ నది అరేబియా సముద్రంలో కలిసే చోట, సూరత్ నగరానికి పడమటగా హజీరా ఉన్నది. ఒకనాడు చేపల వేటతోను, కొద్దిపాటి సేద్యంతోను కాలం గడిపిన తీరగ్రామమది. 1980 దశకంలో దాని రూపురేఖలు మారిపోయినవి. దక్షిణ బస్సేన్ సముద్రగర్భం నుండి వచ్చే సహజవాయువును శుద్ధిచేసే కర్మాగారం అక్కడ వెలిసినది. హజీరా–విజయ్‌పూర్–జగదీశ్‌పూర్ గ్యాసు గొట్టపు మార్గం అక్కడే ప్రారంభమైనది. సహకార రంగంలోని క్రిభ్‌కో ఎరువుల కర్మాగారం 1986లో ఉత్పత్తి మొదలుపెట్టినది. తదుపరి పెట్రోరసాయనాలు, విద్యుత్ ఆర్క్ కొలుములతో నడిచే ఉక్కు పరిశ్రమ, భారీ యంత్రాల తయారీ, 2005లో ద్రవీకృత సహజవాయువు టెర్మినల్, రేవు వరుసగా వచ్చినవి. చేరువలోనే కవాస్ వద్ద 656 మెగావాట్ల గ్యాసు విద్యుత్ కేంద్రం ఉన్నది.

రైల్వే, తపాలా ఉద్యోగుల పత్రికకు హజీరాతో పనేమిటని పాఠకులు అడుగవచ్చును. సంబంధం లేకపోలేదు. హజీరా ఎరువు మన వ్యాగన్లలోనే దేశం నలుమూలలకు పోతున్నది. సూరత్ మరమగ్గాల మీద కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలీ కార్మికులు తరతరాలుగా పనిచేస్తున్నారు. వారిని అక్కడికి చేర్చినది మన రైళ్లు. ఒకప్పుడు వారి కష్టార్జితాన్ని మనియార్డరు రూపంలో ఇంటి గడపకు చేర్చినది మన తపాలా సోదరులు. నేడు అదే జిల్లాల యువకులు హజీరా కర్మాగారాలలో కాంట్రాక్టు కార్మికులుగా కూడా కనిపిస్తున్నారు. వారి క్షేమం మనకు పరాయి విషయం కాదు. పైగా, అక్కడ మేము గమనించిన ఒక వైరుధ్యం మన కార్యాలయాలలోను, మన క్వార్టర్లలోను యథాతథంగా ఉన్నది. దానిని సభ్యుల ముందుంచడమే ఈ సంపాదకీయపు ఉద్దేశం.

ఆ వైరుధ్యం ఇది. హజీరా వంటి పారిశ్రామిక కేంద్రంలో ప్రతి పెద్ద మోటారుకు, ప్రతి ట్రాన్స్‌ఫార్మరుకు కాపలాగా రిలేలు ఉంటవి. ప్రవాహం మితిమీరితే ఒకటి, షార్ట్ సర్క్యూట్ జరిగితే ఒకటి, విద్యుత్తు భూమిలోకి లీకైతే ఒకటి పనిచేయును. ఎక్కడ లోపం జరిగినదో అక్కడి బ్రేకరు మాత్రమే తెరచుకొని, మిగిలిన కర్మాగారం నడిచేటట్లు ఒక్కొక్క రిలే కాలాన్ని లెక్కగట్టి అమర్చుతారు. కోట్ల రూపాయల యంత్రం క్షణకాలం కూడా ప్రమాదంలో ఉండరాదన్నది అక్కడి నియమం. అది సరియైన నియమమే. కాని ఆ యంత్రాన్ని నడిపే కార్మికుడు షిఫ్టు ముగించుకొని చేరే అద్దెగది సంగతి ఏమిటి?

ఒక వానాకాలం సాయంత్రం హజీరా దారిలోని అటువంటి గదుల వరుసకు మేము వెళ్లితిమి. పది గదులకు ఒకే మీటరు. మీటరు పక్కన పింగాణీ ఫ్యూజు. అందులో ఫ్యూజు తీగకు బదులు మామూలు రాగి పోగు మెలిపెట్టి ఉన్నది. నీటి మోటారుకు ఎర్త్ తీగ లేదు. జమ్మికుంట ప్రాంతం నుండి వచ్చిన ఒక యువకుడు మాతో, "మోటారు ముట్టుకుంటే జిల్లుమంటదన్నా. చెప్పులేసుకొనే పట్టుకుంటం. అలవాటైపోయింది," అన్నాడు. అతను పగలంతా పనిచేసే చోట ఆ "జిల్లు"లో పదోవంతు కనిపించినా యంత్రం ఆగిపోవును. అతను నిద్రించే చోట అది అలవాటుగా మారినది. ఈ అలవాటే మనలను కలచివేయవలసిన విషయం.

విద్యుత్ సర్క్యూట్‌కు వచ్చే ఆపదలు ప్రధానంగా రెండు రకాలు. రెండింటికీ మందు ఒకటే అనుకోవడంలోనే అనర్థం మొదలవుతున్నది. కావున విషయాన్ని కొంత వివరంగా చెప్పుట అవసరం.

మొదటిది అధిక ప్రవాహం. ఒక తీగ మోయగల బరువుకు పరిమితి ఉన్నది. ప్రవాహం రెట్టింపైతే తీగలో పుట్టే వేడి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు అగును. మూడింతలైతే తొమ్మిది రెట్లు అగును. ఒకే ప్లగ్గు మీద హీటరు, ఇస్త్రీపెట్టె, కూలరు పెట్టినప్పుడు తీగ నెమ్మదిగా వేడెక్కి, పైనున్న ఇన్సులేషన్ మెత్తబడి, పెళుసుబారి, ఒకనాడు ఊడిపోవును. ఇది ఓవర్‌లోడు. ఫేజు, న్యూట్రల్ తీగలు నేరుగా తగిలినపుడు వందల, వేల ఆంపియర్లు ఒక్క పెట్టున ప్రవహించును. ఇది షార్ట్ సర్క్యూట్. ఈ రెండింటి నుండి కాపాడేందుకే ఫ్యూజు, ఎం.సి.బి. ఉన్నవి. ఎం.సి.బి.లో రెండు ఏర్పాట్లుంటవి. వేడికి వంగే రెండు లోహాల పట్టీ ఓవర్‌లోడును చూచుకొనును. అయస్కాంతపు చుట్ట షార్ట్ సర్క్యూట్‌ను చూచుకొనును. సాధారణంగా వాడే సి తరగతి 16 ఆంపియర్ల ఎం.సి.బి. సుమారు 23 ఆంపియర్ల వద్ద గంటలోగా తెరచుకొనును. తక్షణమే తెరచుకొనవలెనంటే 80 నుండి 160 ఆంపియర్ల వరకు ప్రవహించవలెను.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవలెను. ఫ్యూజు గాని ఎం.సి.బి. గాని కాపాడేది తీగను. మనిషిని కాదు. దాని పరిమాణాన్ని నిర్ణయించవలసినది మనం పెట్టదలచిన పరికరం కాదు, గోడలోని తీగ. తరచుగా పోతున్నదని 10 ఆంపియర్ల ఎం.సి.బి. తీసి 32 పెట్టిన వాడు, గోడలోని సన్నని తీగనే ఫ్యూజుగా మార్చినవాడు అగుచున్నాడు. ఆ ఫ్యూజు కాలేది గోడలో, కొయ్య పలకల వెనుక, తపాలా సంచుల పక్కన.

రెండవది ఎర్త్ ఫాల్టు. ఫేజు తీగ ఇన్సులేషన్ చెడి మోటారు, ఫ్రిజ్, ఫ్యాను వంటి పరికరపు లోహపు ఒంటికి తగులును. అక్కడి నుండి ఎర్త్ తీగ గుండా, లేదా తడినేల గుండా, లేదా దానిని ముట్టుకొన్న మనిషి గుండా విద్యుత్తు భూమిలోకి పోవును. ఎర్తింగ్ చక్కగా ఉన్నచోట పెద్ద ప్రవాహం పోయి ఫ్యూజు కాలును. కాని మన దేశంలో ఎర్తింగ్ చక్కగా ఉన్నచోట్లు ఎన్ని?

ఒక లెక్క చూడండి. ఒక క్వార్టరు ఎర్త్ గుంట నిరోధం 20 ఓములనుకొందాము. వేసవిలో ఎండిన గుట్టనేలలో అది అంతకన్న ఎక్కువే ఉండవచ్చును. 230 వోల్టుల ఫేజు మోటారు ఒంటికి తగిలితే పోయే ప్రవాహం పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది మామూలు బరువే. అది తెరచుకొనదు. గంటలు, రోజులు గడిచినా తెరచుకొనదు. ఆ కాలమంతా మోటారు ఒంటి మీద ఇంచుమించు పూర్తి వోల్టేజి నిలిచి ఉండును. ఇప్పుడు తడిచేతితో, ఒట్టికాళ్లతో ఒకరు దానిని ముట్టుకొన్నారనుకొందాము. తడిసిన శరీర నిరోధం సుమారు వెయ్యి ఓములు. వారి గుండా పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. అది 16 ఆంపియర్లలో డెబ్బయ్యవ వంతు. ఎం.సి.బి. దృష్టికి అది లేనట్లే. కాని మనిషికో? ఒక మిల్లీ ఆంపియరు వద్ద జలదరింపు తెలియును. పది మిల్లీ ఆంపియర్ల ప్రాంతంలో కండరాలు బిగిసి, పట్టుకొన్నది వదలలేని స్థితి ఏర్పడును. 30 మిల్లీ ఆంపియర్లు దాటి కొంతసేపు కొనసాగితే గుండె లయ తప్పి ప్రాణం పోయే ప్రమాదం ఉన్నది. తీగను కాపాడే సాధనం మనిషిని ఎందుకు కాపాడలేదో ఈ లెక్క చాలు.

మంటల విషయంలోను ఇంతే. తేమ పట్టిన ఒక జంక్షన్ పెట్టెలో ఒక ఆంపియరులో మూడవ వంతుకన్న తక్కువ, అనగా 300 మిల్లీ ఆంపియర్లు లీకైనా, ఆ ఒక్క బిందువు వద్ద సుమారు 69 వాట్ల వేడి పుట్టగలదు. కాగితాల మధ్య, దూది మధ్య, నూలు పోగుల మధ్య నిప్పు రాజుకొనుటకు అది చాలును. ఎం.సి.బి. దానినీ చూడలేదు.

ఈ లీకేజిని పట్టుకొనే సాధనమే ఆర్.సి.సి.బి. వాడుకలో పాతపేరు ఇ.ఎల్.సి.బి. అది పనిచేసే తీరు సులభమైనది. ఫేజు గుండా వెళ్లినదంతా న్యూట్రల్ గుండా తిరిగి రావలెను. ఈ రెండు తీగలను ఒకే అయస్కాంతపు వలయం గుండా పంపుతారు. జమాఖర్చులు సరిపోయినంతకాలం వలయంలో ఏమీ ఉండదు. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వచ్చినదా, ఆ సొమ్ము ఏదో దొంగదారిన భూమిలోకి పోతున్నదని గ్రహించి, సెకనులో చిన్న భాగంలోనే సరఫరా తెగగొట్టును. కౌంటరు మూసేటప్పుడు నగదు సరిచూచుకొనే తపాలా ఉద్యోగికి ఈ సూత్రం వేరే చెప్పనవసరం లేదు. అయితే దీనికీ హద్దులున్నవి. ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి పట్టుకొన్న మనిషిని ఇది కాపాడలేదు. ఓవర్‌లోడును ఇది గుర్తించదు. కావున ఎం.సి.బి., ఆర్.సి.సి.బి., మంచి ఎర్తింగ్ మూడూ కలిసి ఉండవలెను. ఒకటి మరొకదానికి బదులు కాజాలదు.

ఈ సాధనాల చరిత్రలో మన వృత్తులకూ భాగమున్నది. పిడుగుపాటు నుండి టెలిగ్రాఫ్ కార్యాలయాలను కాపాడేందుకు లోపలికి వచ్చే తీగలో సన్నని ముక్కను అమర్చవలెనని ఫ్రాన్సు దేశస్థుడు బ్రెగే 1847లో సూచించెను. సన్నని తీగ కరిగిపోయి సామగ్రి నిలుచును. నేటి ఫ్యూజుకు మూలం అదే. ఎడిసన్ తన ఫ్యూజుకు పేటెంటు పొందినది 1890లో. మన దేశంలో 2013 జూలైలో టెలిగ్రాము సేవ ముగిసినది. కాని టెలిగ్రాఫ్ గదిలో పుట్టిన ఆ ఆలోచన ప్రతి ఇంటిలోను నిలిచి ఉన్నది. అట్లే, అధిక సున్నితత్వం గల ఎర్త్ లీకేజి రక్షణ పుట్టినది దక్షిణాఫ్రికా బంగారు గనుల అవసరం నుండి. గనులలో విద్యుదాఘాతాల బెడదను చూచి ఇంజనీరు హెన్రీ రూబిన్ 1955లో తొలి ఏర్పాటును రూపొందించెను. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఛార్లెస్ డాల్జియెల్ 1961లో ఇటువంటి రక్షణ సాధనాన్నే తయారుచేసెను. కార్మికుల ప్రాణాలు పోయిన చోట పుట్టిన సాధనం, కార్మికుల ఇళ్లకు మాత్రం చివరగా చేరుతున్నది.

చట్టం ఏమంటున్నది? 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల స్థానే కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో భద్రతా నిబంధనలు తెచ్చినది. గృహ కనెక్షన్లకు 30 మిల్లీ ఆంపియర్లు, ఇతరములకు 100 మిల్లీ ఆంపియర్లు మించకుండా లీకేజి రక్షణ ఉండవలెనని అవి విధించినవి. 2023లో వచ్చిన కొత్త నిబంధనలలోను ఈ రక్షణ కొనసాగుతున్నది. కాని తక్కువ లోడు గల చిన్న కనెక్షన్లకు మినహాయింపు ఇవ్వబడినది. తక్కువ లోడు ఎవరిది? ఒక ఫ్యాను, రెండు దీపాలు గల కార్మికుని గది. పల్లెలోని శాఖా తపాలా కార్యాలయం. లెవెల్ క్రాసింగు వద్ద గేటుమన్ గుమటీ. ప్రాణం పోవుటకు కిలోవాట్లు అవసరం లేదు, మిల్లీ ఆంపియర్లు చాలునని శాస్త్రం చెప్పుచుండగా, రక్షణకు మాత్రం కిలోవాట్లు కొలమానం కావడం న్యాయం కాదు. దేశంలో ఇటీవలి సంవత్సరాలలో విద్యుదాఘాతం వలన ఏటా పన్నెండు వేలకు పైబడి మరణాలు నమోదగుచున్నవి. ఆ పట్టికలో పేదల పేర్లే అధికమని మనం వేరుగా పరిశోధించనక్కరలేదు.

సూరత్ నగరమే మనకు రెండు హెచ్చరికలు ఇచ్చినది. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుండి విడిచిన నీటితో తపతి పొంగి, నగరంలో అత్యధిక భాగం మునిగినది. హజీరా పారిశ్రామిక ప్రాంతం కూడా నీట చిక్కినది. వరదలో మునిగిన మీటరు పెట్టె, స్విచ్చి, మోటారు ఆరినట్లు పైకి కనిపించినా లోపల ఇన్సులేషన్ తడిగానే ఉండును. ఉప్పునీటి తీరంలో అది మరింత ప్రమాదం. ఉప్పునేలలో ఎర్త్ నిరోధం తక్కువగా ఉండును, నిజమే. కాని ఆ ఉప్పే ఎర్త్ గొట్టాన్ని తినివేయును. పైకి గుంట ఉండును, లోపల గొట్టం ఉండదు. రెండవది 2019 మే 24. సర్థాణా ప్రాంతంలోని తక్షశిల ఆర్కేడ్ అనే భవనంలో చెలరేగిన మంటలలో ట్యూషను తరగతులలో ఉన్న 22 మంది యువ విద్యార్థులు అసువులు బాసిరి. మంటకు షార్ట్ సర్క్యూట్ కారణమని చెప్పబడినది. బయటపడే దారి లేకపోవుట ప్రాణనష్టాన్ని పెంచినది. ఆ తల్లిదండ్రుల దుఃఖం ముందు మనం చేయగలిగినది ఒక్కటే: అటువంటి భవనం మన కార్యాలయం కాకుండా చూచుకొనుట.

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాము. రైల్వేలో రక్షణ విజ్ఞానం కొరవడలేదు. 25 వేల వోల్టుల ఓవర్‌హెడ్ తీగ తెగి నేలను తాకితే ట్రాక్షన్ సబ్‌స్టేషన్‌లోని బ్రేకరు క్షణంలో తెరచుకొనును. అయితే అది తనంతట తాను ఒకమారు తిరిగి మూసుకొనునన్న సంగతి పట్టాల మీద పనిచేసే ప్రతివారు ఎరిగియుండవలెను. ట్రిప్పయిన తీగ చచ్చిన తీగ కాదు. పర్మిట్ లేనిదే, ఇరువైపులా డిశ్చార్జి రాడ్లు తగిలించనిదే, రెండు మీటర్ల హద్దు దాటరాదన్న నియమం రక్తంతో వ్రాయబడినది. పెట్టెలలోని 110 వోల్టుల దీపాల సర్క్యూట్‌లో ధన, ఋణ తీగలలో దేనినీ పెట్టె ఒంటికి కలపరు. అందువలన ఒక తీగ ఒంటికి తగిలినా ఏమీ కానట్లే దీపాలు వెలుగును. రెండవ తీగ కూడా మరొక చోట తగిలిననాడు పెట్టె ఒళ్లే షార్ట్ సర్క్యూట్ దారి అగును. మన ట్రెయిన్ లైటింగ్ సోదరులు రెండు దీపాల పరీక్షతో ఆ మొదటి లోపాన్నే పట్టుకొంటారు. ఏ అగ్నిప్రమాదమూ జరుగలేదు గనుక ఆ పరీక్ష ఎవరి కంటికీ కనిపించదు. సిబ్బంది ఖాళీలు పూరించక, పరీక్షకు ఇచ్చే సమయం కుదించినపుడు తగ్గేది ఆ కనిపించని రక్షణే.

రైలుకు ఇంత జాగ్రత్త ఉన్నది. రైలును నడిపే ఉద్యోగి క్వార్టరులో ఎంత ఉన్నది? అనేక కాలనీలలో గృహాలు కట్టిననాటి వైరింగే నేటికీ నడుస్తున్నది. నాడు రెండు దీపాలు, ఒక ఫ్యాను. నేడు ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషీను. తీగ మాత్రం అదే. తపాలా శాఖలో అద్దె భవనాల పరిస్థితి మరింత దయనీయం. కంప్యూటర్లు, యు.పి.ఎస్., బ్యాటరీలు, ప్రింటర్లు వచ్చినవి. వాటిని మోసే సర్క్యూట్లు రాలేదు. ఒక ప్లగ్గు నుండి మరొక ఎక్స్‌టెన్షన్, దాని నుండి ఇంకొకటి. పక్కనే పార్సెళ్లు, సంచులు, పాత రికార్డులు. వైరింగు మార్చండని అడిగితే భవన యజమాని శాఖను, శాఖ భవన యజమానిని చూపించుట పరిపాటి. కారే కప్పు కింద ఇనుప కౌంటరు ముట్టుకొని పనిచేసే సోదరికి ఈ ఉత్తర ప్రత్యుత్తరాలతో పనిలేదు.

రక్షణ సాధనాలు ఖర్చుతో కూడినవని కొందరు అధికారులు అందురు. ఒక ఇంటికి సరిపడే ఆర్.సి.సి.బి. ధర సగటు ఉద్యోగి రెండు మూడు రోజుల వేతనానికి మించదు. ప్రమాదం తరువాత ఇచ్చే పరిహారంతో, కారుణ్య నియామకంతో, దగ్ధమైన రికార్డులతో పోల్చితే ఆ ఖర్చు లెక్కలోనిది కాదు. ఊరకే ట్రిప్పవుతున్నది, పని ఆగిపోతున్నది అని మరికొందరు అందురు. అది ట్రిప్పవుట లోపం కాదు, ఎక్కడో లోపమున్నదన్న కబురు. కబురు తెచ్చిన తపాలా జవానును తరిమివేసినంత మాత్రాన ఉత్తరంలోని వార్త మారదు. తడిసిన గీజరు ఎలిమెంటో, న్యూట్రల్ కలిసిపోయిన రెండు సర్క్యూట్లో కారణం కావచ్చును. వెదకి సరిచేయవలెను గాని సాధనాన్ని తప్పించి తీగలను నేరుగా కలుపరాదు.

ఇక్కడ మనలను మనం కూడా ప్రశ్నించుకొనవలెను. తప్పంతా యాజమాన్యానిదేనని చెప్పి చేతులు దులుపుకొనుట ఈ పత్రిక సంప్రదాయం కాదు. ఫ్యూజు పోయిన రాత్రి పాత వైరులోని పోగు లాగి మెలిపెట్టినది ఎవరు? 5 ఆంపియర్ల ఫ్యూజుకు 0.2 మిల్లీమీటర్ల తీగ చాలును. 15 ఆంపియర్లకు 0.5 మిల్లీమీటర్లు. పాత 3/22 వైరులోని ఒక్క పోగు మందం సుమారు 0.71 మిల్లీమీటర్లు. అనగా 5 ఆంపియర్ల చోట 20 ఆంపియర్లకు మించి మోసే తీగను మనమే పెట్టితిమి. మూడు కాళ్ల ప్లగ్గులో ఎర్త్ కాలు అడ్డుగా ఉన్నదని విరిచివేసినది ఎవరు? గీజరు జిల్లుమంటే చెప్పులు వేసుకొన్నది ఎవరు? హజీరా గదిలోని యువకుని మాట మనకు ఆశ్చర్యం కలిగించరాదు. ఆ మాట మన కాలనీలలో ప్రతి వీధిలోను వినిపించును. యూనియను సభ్యత్వం హక్కుల కొరకే కాదు, ఒకరి ప్రాణం పట్ల మరొకరి బాధ్యత కొరకు కూడా.

కావున రైల్వే, తపాలా పరిపాలనల ముందు ఈ క్రింది కోర్కెలను ఉంచవలెనని అన్ని శాఖలకు మేము సూచిస్తున్నాము:

1. ప్రతి క్వార్టరులోను, విశ్రాంతి గదిలోను, గేటు గుమటీలోను, గ్యాంగు గుడిసెలోను లోడు ఎంత స్వల్పమైనను 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి రక్షణ అమర్చవలెను.

2. సొంత, అద్దె భేదం లేక ప్రతి తపాలా కార్యాలయపు, ఆర్.ఎం.ఎస్. కార్యాలయపు వైరింగును తనిఖీ చేసి, కంప్యూటర్లకు, యు.పి.ఎస్.కు వేరు సర్క్యూట్లు వేయవలెను. అద్దె ఒప్పందంలోనే ఈ షరతు చేర్చవలెను.

3. పింగాణీ ఫ్యూజులను తీసివేసి, తీగ సామర్థ్యానికి తగిన ఎం.సి.బి.లు పెట్టవలెను. వైరింగు మార్చకుండ ఎం.సి.బి. పరిమాణం పెంచుటను నిషేధించవలెను.

4. ఎర్త్ గుంటల నిరోధాన్ని ఏటా వేసవిలో, నేల ఎండినపుడు కొలిచి, ఆ అంకెను, తేదీని గుంట వద్దనే వ్రాయవలెను. వరదకు గురైన చోట ఇన్సులేషన్ పరీక్ష జరుగకుండ సరఫరా పునరుద్ధరించరాదు.

5. కాంట్రాక్టు కార్మికులు నివసించే, పనిచేసే ప్రతి చోట ఇదే రక్షణ వర్తించవలెను. తాత్కాలిక కార్మికుడైనంత మాత్రాన అతని ప్రాణం తాత్కాలికం కాదు.

6. 2003 విద్యుత్ చట్టపు 161వ సెక్షన్ ప్రకారం ప్రతి విద్యుత్ ప్రమాదాన్ని తెలియజేసి, విచారణ నివేదికను యూనియను ప్రతినిధులకు అందజేయవలెను.

7. ఎలక్ట్రికల్ శాఖలోని ఖాళీలను పూరించి, పరీక్షలకు తగిన సమయం, పరికరాలు ఇవ్వవలెను.

ఈ కోర్కెలు సాధించుటకు సమయం పట్టవచ్చును. అందాక చేతులు ముడుచుకొని కూర్చుండనవసరం లేదు. ప్రతి శాఖా తన తదుపరి సమావేశంలో ఒక గంట దీనికి కేటాయించవలెనని కోరుతున్నాము. సభ్యులలోనే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. వారిని ఇంటింటికి, కార్యాలయానికి తీసుకొనిపోయి మూడు సంగతులు చూడవచ్చును: ఫ్యూజులో ఏ తీగ ఉన్నది, మూడవ పిన్నుకు నిజంగా ఎర్త్ ఉన్నదా, ఆర్.సి.సి.బి. ఉంటే దాని మీది పరీక్ష మీట నొక్కినపుడు అది పడిపోవుచున్నదా? ఆ మీటను నెలకొకమారు నొక్కవలెను. పడిపోకపోతే అది గోడకు తగిలించిన బొమ్మ మాత్రమే. లోపం కనిపించిన చోట వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, తేదీతో నకలు శాఖ వద్ద ఉంచవలెను. రేపు ఏదైనా జరిగితే మాకు తెలియదనే మాటకు తావుండరాదు.

హజీరాలో ఒక మోటారు చుట్ట కాలిపోరాదని రిలేలు రేయింబవళ్లు మేలుకొని ఉన్నవి. అదే గాలిలో, అదే వానలో, అదే ఉప్పునేల మీద, చెప్పులే రక్షణగా ఒక మనిషి నీళ్లు తోడుకొంటున్నాడు. ఆ మనిషి మన తమ్ముడు. అతనికి కావలసినది దయ కాదు, 30 మిల్లీ ఆంపియర్ల వద్ద తెరచుకొనే ఒక చిన్న సాధనం, దానికొక మంచి ఎర్త్. జిల్లుమన్న ప్రతి చోటును ఒక ఫిర్యాదుగా, ప్రతి ఫిర్యాదును ఒక కోర్కెగా మార్చుకొందాము. వచ్చే తొలకరి నాటికి మన శాఖలలో ఎన్ని మీటరు పెట్టెలు పరీక్షింపబడినవో తెలుపుతూ నివేదికలు పంపవలసినదిగా సహోద్యోగులందరినీ మేము అభ్యర్థిస్తున్నాము.